వర్తక సంఘం ఆయుష్షు పెంచడం ఎలా?

ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వర్తక సంఘాలు కొడిగడుతున్నాయని పెద్దలు ఈమధ్య తెగ బెంగపడుతున్నారు. అనవసరపు టెన్షన్. 1860 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు, సంఘం పెట్టేయొచ్చు. అధ్యక్షులు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహ కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారు. లెక్క సరిపోయింది. చిక్కల్లా ఎనిమిదో మనిషితోనే. ఆయన ఉత్త సభ్యుడిగా ఉండాలి, అలా ఉండేవాడు మా బజారులో ఇంకా పుట్టలేదు. అందుకే రెండో సంఘం పుడుతుంది. అంటే సంఘాలు చావడం లేదు, పిల్లలు పెడుతున్నాయి.

పదవుల తర్వాత ఊపిరి రసీదు పుస్తకం. వినాయక చవితి దగ్గరపడగానే బీరువాలోంచి బయటికొస్తుంది. కార్యదర్శి గారు కార్బన్ కాగితం సర్దుకుని మొదటి రసీదు మీద పెద్ద బట్టల కొట్టు పేర ఒక ఘనమైన అంకె వేసుకుని మరీ బయల్దేరతారు. అది చూసి కిరాణా కొట్టాయన సిగ్గుపడి గల్లాపెట్టె తెరుస్తాడు.

"బట్టల కొట్టు షావుకారు ఇచ్చేశారాండీ?"

"రాశాం కదా బాబూ!"

ఆ సొమ్ము వచ్చిందో లేదో కోశాధికారికీ తెలీదు. అడిగితే మర్యాదగా ఉండదు.

ఇక అసలు వ్యాపారం సంగతి. ఉండకపోలేదు, ఎజెండాలో చివర "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" కింద ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరైంది కదా, ఆ సరిహద్దు గీత ఇప్పుడు మా బిల్లు పుస్తకంలో కూర్చుంది. పర్లాకిమిడి కొట్టాయన పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నానికి సరుకు పంపితే అంతర్రాష్ట్ర వ్యాపారం, దానికి ఐజీఎస్టీ అనే వేరే పన్ను. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసి ఊరుకునే జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న షావుకారైతే అసలు పంపనే కూడదు. ఒడిశాలోనే ఎక్కడో ఉన్న సంబల్‌పూర్‌కి మాత్రం నిక్షేపంగా పంపుకోవచ్చు. పాతపట్నంలో బావమరిది కొట్టుంది, సంబల్‌పూర్‌లో ఎవరున్నారు?

దీని మీద గట్టిగా అర్జీ పెట్టాలని తీర్మానం ప్రతి మీటింగులోనూ ఏకగ్రీవమే. అప్పటికి సమోసాలు అయిపోయి ఉంటాయి కాబట్టి వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. అయితే అర్జీ కలెక్టరు గారికి ఒడియాలో, పన్నుల ఆఫీసుకి ఇంగ్లీషులో రాయాలి. మా మినిట్స్ పుస్తకమేమో తెలుగు. మూడూ వచ్చిన కుర్రాడు ఊరంతటికీ ఒక్కడే, ఉపాధ్యక్షుల వారబ్బాయి. వాడు హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాడు. కొట్లో కూర్చోరా అంటే నవ్వాడట.

పాపం, అయినా వాట్సాప్‌లో అర్జీ రాసి పంపాడు. చక్కగానే ఉంది. అధ్యక్షుల వారి పేరు మరీ చిన్న అక్షరాల్లో పడిందని కార్యవర్గం తిప్పి పంపింది.