ఎడారిలో ఒంటరి కాపరి

అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాల్లో చలికాలం గడపబోయే బృందానికి ముందుగా మానసిక పరీక్షలు జరుపుతారు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద మెలిగే శిక్షణ ఇస్తారు, వెంట వైద్యుణ్ని కూడా పంపుతారు. అంత జాగ్రత్త అవసరమే. కడప జిల్లా పల్లెల నుంచి కువైట్ వెళ్లి, ఎడారిలో గొర్రెల మందతో గుడారంలో ఒక్కడే ఏళ్లు వెళ్లదీసే మనిషికి ఇందులో ఏ ఒక్కటీ లేకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

ఏకాంతం మనసును ఎలా తినేస్తుందో తెలియక కాదు. 1898లో బెల్జికా నౌక దక్షిణ ధ్రువ సముద్రపు మంచులో చిక్కుకొని, రెండు నెలలకు పైగా సూర్యుడే కనిపించనప్పుడు నావికులు దిగులుతో కుంగిపోయారు, కొందరికి మతి చలించింది. వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ వారిని రోజూ పొయ్యి వెలుగు ఎదుట కూర్చోబెట్టి, నౌక చుట్టూ నడిపించాడు. నేటి ధ్రువ కేంద్రాల్లోనూ నిద్రలేమి, చిరాకు, మతిమరుపు, మాట మధ్యలో చూపు శూన్యంలో నిలిచిపోవడం వైద్యులు గమనిస్తూనే ఉన్నారు. మాస్కోలో 2010-11లో అంగారక యాత్రకు నమూనాగా ఆరుగురిని 520 రోజులు మూసిన గదుల్లో ఉంచితే కొందరి నిద్ర గాడి తప్పింది. వాళ్లు ఆరుగురు, విసుక్కోవడానికైనా ఎదుట మరో మనిషి ఉన్నాడు.

మన కాపరికి ఆ మనిషీ లేడు. 2016 జులైలో 53.9 డిగ్రీల ఎండ కాసిన మిత్రిబా అనే చోటు కువైట్ ఎడారిలోనిదే. డ్రైవరు పనని, ఇంటిపనని చెప్పి తీసుకెళ్లి మందను అప్పగించిన ఉదంతాలున్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతుంది. గొర్రెలు కాయడం సీమవాసికి కొత్త కాదు. అయితే ఇక్కడ జత కాపరి ఉంటాడు, రాత్రికి పొలంలో మంద నిలిపితే ఆ రైతు వచ్చి పలకరిస్తాడు. అక్కడ వారాల తరబడి తన గొంతు తనకే వినపడదు. అలాంటివాడు తిరిగొచ్చి ముభావంగా కూర్చుంటే ఊరు గాలి సోకిందంటుంది, తాయెత్తు కడుతుంది.

వలస వెళ్లేవారికి ఇచ్చే ఒకరోజు శిక్షణలో మనసు సంగతికి ఒక గంట కేటాయించాలి. వారానికొకసారైనా ఇంటితో మాట్లాడే హక్కును పని ఒప్పందంలో రాయించాలి. కడప ప్రభుత్వాసుపత్రిలో తిరిగొచ్చిన వారి కోసం వారంలో ఒక రోజు మానసిక వైద్యులు కూర్చోవాలి. అంతవరకు ఆ కుటుంబాలు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ టెలి మానస్ మానసిక సలహా సేవ తెలుగులోనూ అందుతుంది, ఖర్చేమీ లేదు.