ఇది మిలోంగానా, సర్కస్ డేరానా?

బ్యూనస్ ఐరిస్‌లో మిలోంగా, అంటే అందరూ కలిసి టాంగో డాన్సు చేసే చోటు. రాత్రి ఒంటిగంట. ఫ్లోర్ మీద కాలు పెట్టే సందు లేదు. ఆ ఇరుకులో ఒకాయన తన జోడీ చేత కాలు గాల్లోకి విసిరించాడు. హీలు తిన్నగా నా పిక్కకి! సారీ లేదు, కనీసం వెనక్కి చూడలేదు. ఆ విన్యాసాలు స్టేజీ మీద కదా చేసుకోవాల్సింది? ఇక్కడ ఒకరికొకరు ఆనుకుని, చిన్న అడుగులతో, గడియారానికి ఎదురు దిశలో కదలాలి. గుళ్ళో ప్రదక్షిణకి రివర్స్ అనుకోండి. ప్రదక్షిణలో ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తారా? సరే, చేస్తారు, ఆ సంగతి వదిలేయండి.

ఇంకొకడు నేరుగా టేబుల్ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. మరి డాన్సుకి పిలవడానికి కబెసెయో అనే పద్ధతి ఎందుకుంది? దూరం నుంచే చూపు కలిపి తల ఊపితే చాలు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటాం, ఎవరి పరువూ పోదు. మొహమాటానికి లేచానా, ఒకే జోడీతో ఆడే నాలుగు పాటల వరస, అదే తాందా, మొత్తం "మోకాలు వంచు, భుజం దించు" అని క్లాసు! నేనడిగానా? తాందా అయిపోయిందని చెప్పే కొర్తీనా మ్యూజిక్ మోగాక గానీ ప్రాణం లేచి రాలేదు.