మురుగు ఎక్కడిదో నది చెబుతుంది

నగరం గుండా పారే నది ఎంత మలినమైందో తేల్చడానికి వందేళ్లకు పైగా ప్రభుత్వాలు ఆధారపడుతున్నది ప్రధానంగా ఒక్క అంకె మీదే. నూరు మిల్లీలీటర్ల నీటిలో, పేగుల్లో ఉండే రకానికి చెందిన కోలిఫాం బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయన్నదే ఆ అంకె. వాటిలో ఒకటైన, 1885లో థియోడర్ ఎషెరిష్ వర్ణించిన ఈ.కోలి నీటిలో కనిపించిందంటే దాదాపుగా మలం కలిసినట్లే. ఈ పరీక్ష చవకైనది, నమ్మదగినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వానల తరువాత సెన్ నది నీరు ప్రమాణాలకు తగినట్లు లేదని జులై 30 నాటి పురుషుల ట్రయథ్లాన్‌ను (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన పోటీని) మర్నాటికి వాయిదా వేసింది కూడా ఇలాంటి లెక్కను చూసే. అయితే నీళ్లలో దిగవచ్చా, దిగకూడదా అని చెప్పే ఆ అంకె, మలినం ఇళ్ల మురుగు కాలువదా, పశువుల కొట్టాలదా, వానకు కొట్టుకొచ్చినదా అన్నది చెప్పలేదు. నదిని బాగు చేయదలచినవారికి ముందుగా కావలసింది ఆ సమాధానమే.

డీఎన్ఏ సీక్వెన్సింగ్, అంటే జీవుల డీఎన్ఏలోని అక్షరాల వరుసను చదవడం, ఆ సమాధానానికి దారి చూపుతోంది. ప్రకృతిలోని సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం ప్రయోగశాల పళ్లేలలో పెరగవు కనుక, పెంచి లెక్కించే పద్ధతికి అవి కనిపించనే కనిపించవు. కొత్త పద్ధతిలో వాటిని పెంచే పని లేదు. నది నీటిని 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న పొర గుండా వడకడతారు. ఊరికి ఎగువన తెచ్చిన నీరు సులువుగా దిగిపోయి పొర లేత రంగులోనే మిగిలితే, మురుగు కాలువ కలిసిన చోటి నీరు కొద్దిగా పోయగానే పొర గోధుమరంగుకు తిరిగి మూసుకుపోతుంది. ఆ పొర మీద చిక్కిన జీవుల డీఎన్ఏను వేరుచేసి, బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే, సుమారు 1500 అక్షరాల 16ఎస్ జన్యువును చదివితే, ఏయే ప్రజాతులు ఏ వాటాలో ఉన్నాయో పట్టిక వస్తుంది. అందులో లిమ్నోహాబిటాన్స్, పాలీన్యూక్లియోబ్యాక్టర్ వంటివి మంచినీటి సొంత నివాసులు. ఆర్కోబ్యాక్టర్ ఎక్కువగా ఉంటే మురుగు గొట్టాలను అనుమానించాలి. మనిషి పేగుల్లోని బ్యాక్టీరియాను ఆశ్రయించే క్రాస్‌ఫేజ్ అనే వైరస్‌ను 2014లో గుర్తించారు. నీటిలో దాని డీఎన్ఏ దొరికితే అది మనుషుల మలమేనని చెప్పడానికి బలమైన ఆధారం.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2018లో కామ్ నది వెంట తొమ్మిది చోట్ల, వేర్వేరు నెలల్లో నీరు సేకరించి, డీఎన్ఏ పోగును అతిసన్నని రంధ్రం గుండా పంపి చదివే, అరచేతిలో ఇమిడే నానోపోర్ పరికరంతో అందులోని డీఎన్ఏను చదివారు. ఒక్కసారి తెచ్చిన ఒక్క సీసా నీటితో సరిపెట్టకుండా ఎగువ నుంచి దిగువకు, రుతువు నుంచి రుతువుకు పోల్చడమే ఆ ప్రయత్నంలో మాకు ముఖ్యంగా తోచిన విషయం. వాన వెలిసిన మర్నాటి నదికీ, ఎండాకాలపు నదికీ సూక్ష్మజీవులు ఒక్కటిగా ఉండవు.

ఈ పద్ధతి పరిమితులను దాచిపెట్టడం దానికే చేటు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా నీటిలో కొంతకాలం నిలుస్తుంది కాబట్టి, పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన వ్యాధి పొంచి ఉందనుకోకూడదు. వచ్చేవి వాటాలే తప్ప సంఖ్యలు కావు. ఈ.కోలికీ, రక్త విరేచనాలు కలిగించే షిగెల్లాకూ 16ఎస్ జన్యువు దాదాపు ఒక్కటే అయినందున, ఆ రెంటినీ ఈ చదువు విడదీయలేదు; యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువుల లెక్కనూ ఇది ఇవ్వదు. వాటి కోసం నమూనాలోని మొత్తం డీఎన్ఏను చదవాలి. అందుకు ఖర్చు, నైపుణ్యం రెండూ ఎక్కువే. పరీక్షకు వాడే రసాయనాల్లోనే కొంత బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటుంది కనుక, ప్రతి విడతలోనూ శుద్ధజలాన్ని కూడా అదే వరుసలో పరీక్షించి తీరాలి.

కోలిఫాం పరీక్షను ఎత్తివేయమని మేం కోరడం లేదు. ఆ పరీక్షకు నీరు సేకరించే చోట్లలోనే, నగరానికి ఎగువన ఒకటి, ప్రతి పెద్ద కాలువ కలిసిన తరువాత ఒకటి, శుద్ధి కేంద్రానికి దిగువన ఒకటి చొప్పున ఎంచుకొని, ఏడాది పొడవునా నెలకోసారి డీఎన్ఏ కోసం కూడా వడకట్టాలని కోరుతున్నాం. కాలుష్య నియంత్రణ సంస్థలు ఈ పనిని పరిశోధకుల ఉత్సాహానికి వదిలేయకుండా తమ విధిగా స్వీకరించాలి. చదివిన డీఎన్ఏ వివరాలను, నీరు తీసిన తేదీ, చోటు, ఆనాటి వానతో సహా ఎవరైనా తెరిచి చూసుకునేలా ప్రకటించాలి. నది ఒడ్డున ఉండేవారికి ఆ వివరాలు తెలుసుకునే హక్కు ఉంది. అన్నింటినీ వెంటనే చదివే డబ్బు లేని చోట కూడా, వడకట్టిన పొరలను మైనస్ 80 డిగ్రీల చలిలో భద్రపరచడం సాధ్యమే. కొత్త కాలువ కలిసిందని వివాదం వచ్చిన రోజున, అంతకుముందు నది ఎలా ఉండేదో ఆ పొరలను చదివి తేల్చవచ్చు.