పగడాలు పెరిగాకే మొదలవుతుంది అసలు చాకిరీ

పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి రీఫ్ అక్వేరియం పెట్టి మానేసినవాళ్లను కారణం అడిగితే మొదట చెప్పేది ఖర్చు. ఆ తర్వాత చేపలు చచ్చిపోయాయని. రెండూ అబద్ధాలు కావు. కానీ ఖర్చవుతుందని దిగేముందే తెలుసు కదా. ట్యాంకు, లైట్లు, నీళ్లలోని మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్, పంపులు అన్నీ కొనేసి, పెద్ద ఖర్చంతా అయిపోయాక మానేయడమేమిటి? అమ్మకానికి పెట్టిన సెటప్‌ల ఫొటోలు చూస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. అన్నీ పాచిపట్టి పాడుబడ్డవేమీ కావు. కొన్నింట్లో పగడాలు గుబురుగా పెరిగి, రంగులు తేలి, ఇంత బాగున్నదాన్ని ఎందుకు వదిలించుకుంటున్నారో అనిపిస్తుంది. బాగుంది కాబట్టే వదిలించుకుంటున్నారని నా అనుమానం.

మొదటి నెలల్లోనే చేతులెత్తేసేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అది ఆగలేక చేపల్ని వేసేస్తారు, అవి చచ్చిపోతాయి, ట్యాంకు అటకెక్కుతుంది. ఇది ఓపికకు సంబంధించిన గొడవ, ఇందులో పెద్దగా విశ్లేషించేదేమీ లేదు. నాకు ఆసక్తి కలిగించేది రెండు మూడేళ్లు చక్కగా నడిపి మానేసేవాళ్ల గురించే.

గట్టి పగడం తన అస్థిపంజరాన్ని నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 7 డీకేహెచ్ చుట్టుపక్కల ఆల్కలినిటీ ఉంటాయి (ఆల్కలినిటీ అంటే ప్రధానంగా నీళ్లలోని కార్బొనేట్ల లెక్క, డీకేహెచ్ దాని కొలమానం). అక్వేరియంలో ఆల్కలినిటీని ఎనిమిది, తొమ్మిది దగ్గర నిలబెడతారు. తెచ్చినప్పుడు పగడం ముక్కలు బొటనవేలంత ఉంటాయి. అవి తినే కాల్షియం ఎంతని? వారానికోసారి కొంత నీళ్లు మారిస్తే సరిపోతుంది. అదే ముక్కలు పళ్లెమంత అయ్యాక ఆ ట్యాంకే రోజుకు 2 డీకేహెచ్ దాకా తినేయగలదు. అప్పుడు ఆ లోటు పూడ్చే ఆల్కలినిటీ మందు రెండు రోజులు పడకపోతే ఎనిమిదిన్నరలో ఉన్నది నాలుగున్నరకు దిగుతుంది. ఆక్రోపోరా లాంటి పగడమైతే మొదలు దగ్గర చర్మం ఊడిపోయి తెల్లటి ఎముక బయటపడటం మొదలవుతుంది. కంగారుపడి ఒక్కసారిగా పోస్తే అదింకో ప్రమాదం. రోజుకు ఒక డీకేహెచ్ కన్నా ఎక్కువ పెంచొద్దన్నది ఈ హాబీలో అందరూ చెప్పుకునే లెక్క. అంటే తప్పు రెండు రోజుల్లో జరుగుతుంది, దిద్దుబాటుకు నాలుగు రోజులు పడుతుంది.

అందుకే తరచూ ఆల్కలినిటీ పరీక్ష: చిన్న గాజుసీసాలో కొలిచి నీళ్లు తీసుకోవడం, రంగుమందు వేయడం, సిరంజితో చుక్క చుక్క వేస్తూ నీలిరంగు గులాబీలోకి తిరిగేదాకా చూడటం. మొదట్లో సరదాగా ఉంటుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రాత్రి కూడా అదే చేయాలి. ఎంత బాగా చూసుకుంటే పగడాలు అంత పెరుగుతాయి, పెరిగిన కొద్దీ ఇంకా బాగా చూసుకోవాల్సి వస్తుంది. మిగతా హాబీల్లో చేయి తిరిగిన కొద్దీ పని తేలికవుతుంది. ఇందులో చేయి తిరిగినవాడి నెత్తినే ఎక్కువ బరువు పడుతుంది.

దీనికి మందు యంత్రాలే అంటారు. ఆల్కలినిటీ మందు పోయడానికి డోసింగ్ పంపు, ఆవిరైన నీటిని నింపడానికి ఆటో టాప్ ఆఫ్, అన్నింటినీ కనిపెట్టుకుని ఉండటానికి కంట్రోలర్. పని తగ్గుతుంది, నిజమే. టెన్షన్ మాత్రం తగ్గదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకని పోసేది మంచినీళ్లే. నీటిమట్టం చూసే సెన్సర్ మీద ఓ చిన్న నత్త వచ్చి కూర్చుంటే చాలు, పక్కనున్న డబ్బాలోని మంచినీళ్లన్నీ ట్యాంకులోకి పోయి ఉప్పు పలచబడుతుంది, మిగిలింది నేలమీదకొస్తుంది. హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే తెల్లారేసరికి ట్యాంకు ఉడుకుతుంది. కరెంటు పోతే పంపులు ఆగిపోయి కొన్ని గంటల్లోనే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నిశ్చింతగా నిద్రపోవడానికి కొన్న కంట్రోలర్ అలారం కోసం ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు.

పాడి గేదె ఉన్నవాళ్లు ఊరెళ్లాలంటే పక్కింటివాళ్లకు అప్పజెప్పొచ్చు. గడ్డి వేయడం, పాలు పితకడం చేతనైనవాళ్లు దొరుకుతారు. ఆల్కలినిటీ కొలిచి, తగ్గితే ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో లెక్క కట్టగలిగిన పక్కింటివాళ్లు ఎవరికుంటారు?

జబ్బు వచ్చినప్పుడు పెరిగిన ట్యాంకు ఇంకా కష్టం. చేపల ఒంటిమీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు తెచ్చే క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి ఉంది. దానికి రాగి మందు బాగా పనిచేస్తుంది, కానీ రాగి పడితే రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి. కాబట్టి చేపలన్నింటినీ పట్టి వేరే ట్యాంకులో వైద్యం చేయాలి. ఆశ్రయం దొరక్క ఆ పరాన్నజీవి చచ్చేదాకా అసలు ట్యాంకును చేపల్లేకుండా చాలామంది 76 రోజులు ఖాళీగా ఉంచుతారు. రాళ్ల సందుల్లో దూరిన చేపను పట్టాలంటే రాళ్లు తీయాలి. ఆ రాళ్లకు మూడేళ్లుగా పగడాలు అతుక్కుని ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. చేప కావాలా పగడం కావాలా అని తేల్చుకోలేక, ఆ రాత్రే ‘అమ్మేద్దాం’ అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పెరుగుదల తెచ్చే తంటాలు ఇంకా ఉన్నాయి. పక్కపక్కన పెరిగిన పగడాలు ఒకదాన్నొకటి కాటేసుకుంటాయి. అడ్డూ అదుపూ లేకుండా పాకిన జోవాంథిడ్‌లను (పగడాల బంధువులైన మెత్తటి జీవులు) వదిలించుకుందామని రాయిని మరిగించి, ఆవిరిలోని పాలీటాక్సిన్ విషంతో కుటుంబమంతా ఆస్పత్రిపాలైన సంఘటనలు కూడా నమోదయ్యాయి. అందంగా ఉన్నవాటిని వదిలించుకోవడం కూడా ఒక పనే అవుతుందని కొనేటప్పుడు ఎవరికి తడుతుంది?

ఇల్లు మారామనో, పిల్ల పుట్టిందనో, ఉద్యోగం మారిందనో మానేశామంటారు. నాకు అవన్నీ సాకులుగానే కనిపిస్తాయి, అప్పటికే విసిగి ఉన్న మనసుకు దొరికిన మర్యాదైన సాకులు. ఇంటికొచ్చిన చుట్టం ట్యాంకు ముందు నోరెళ్లబెట్టి నిలబడితే, యజమాని కళ్లు మాత్రం మూలన ముడుచుకున్న ఒక్క పగడం మీదే ఉంటాయి. చూడటం పోయి, కాపలా కాయడం మిగిలింది. ప్రకృతికి హాని చేస్తున్నామని మానేసేవాళ్లూ కొందరున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. అయితే క్లౌన్‌ఫిష్‌లు ఇప్పుడు ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి దొరుకుతున్నాయి, పగడాల్లోనూ ట్యాంకుల్లో పెరిగినవాటి నుంచి కోసిన ముక్కలు దొరుకుతున్నాయి. అది ప్రధాన కారణమని నేననుకోను.

చాకిరీ ఎక్కువైతే తగ్గించుకోవచ్చు కదా అంటే, తగ్గించుకోవచ్చు. మష్రూమ్‌లు, లెదర్ పగడాలు, జీనియా లాంటి మెత్తటి పగడాలకు గట్టి అస్థిపంజరం లేదు కాబట్టి కాల్షియం, ఆల్కలినిటీ పెద్దగా తినవు, నైట్రేట్ కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటాయి. నీళ్లు మారుస్తూ ఉంటే చాలు. కానీ హాబీలో అందలం ఎక్కేది ఆక్రోపోరాలు, అందులోనూ అరుదైన రంగులవి. బాగా కుదిరిన ప్రతివాడికీ దొరికే సలహా ‘ఇంకా పెద్ద ట్యాంకు పెట్టు, ఇంకా కష్టమైనవి పెంచు’ అనే. చిన్న ట్యాంకులో మష్రూమ్‌లు పెట్టుకుని ఏళ్ల తరబడి హాయిగా నడిపేవాళ్లున్నారు, వాళ్లదాన్ని ఇప్పటికీ ‘బిగినర్ ట్యాంక్’ అనే అంటారు.