'ఏం గాదు సార్' గారికి

మహారాజశ్రీ 'ఏం గాదు సార్' గారి సముఖానికి,

మల్కాజిగిరి నుంచి ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మా మెట్ల కింద మొదటి బ్యాటరీ అంత కుశలంగా లేదు. ఆ సంగతి మీకు చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మీరు మా ఇంటికి వచ్చింది పోయిన ఏడాది ఉగాది ముందు. డాబా మీద కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు. బిగించడానికి వచ్చిన మెకానిక్ తమ్ముడి నోట్లో కూర్చుని గేటు దాటారు మీరు. ప్రశ్నలు అడిగింది నేను. జవాబుగా మీరు వెళ్లింది మాత్రం మా ఆయన దగ్గరికి. ఆయన బ్యాంకు ఉద్యోగి. నాలుగు బ్యాటరీల గుంపును 'బ్యాటరీ బ్యాంకు' అనగానే అదీ తన శాఖే అనుకున్నారో ఏమో, తల ఊపుతూ నిలబడ్డారు. బ్యాటరీల గురించి ఆయనకున్న పరిజ్ఞానం ఒకటే: టీవీ రిమోట్ పనిచేయకపోతే వెనక రెండు దెబ్బలు వేయాలి. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కరెంటు పాఠాలు చెబుతున్నానని తమ్ముడితో అన్నాను. "అచ్ఛా మేడం" అన్నాడు గౌరవంగా. మళ్లీ ఆయన వైపు తిరిగి మిమ్మల్నే వదిలాడు. మీ పేరులోనే సార్ ఉంది కదా, మేడంల జోలికి ఎందుకు వస్తారు?

ఆ ఒక్క పూటలో మీరు ఎన్నిసార్లు వినిపించారో గుర్తుచేస్తాను.

ఒక్కోటి 12 వోల్టులది, నాలుగింటినీ వరసగా సిరీస్‌లో (ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కు) కలిపి 48 వోల్టులు చేద్దాం అన్నాను. వెయ్యి వాట్ల లోడుకు 12 వోల్టుల దగ్గర 83 ఆంపియర్లు కావాలి, అదే 48 దగ్గర 21 చాలు. కరెంటు నాలుగో వంతైతే అదే వైరులో వృథా పదహారో వంతుకు దిగుతుంది. "ఇంట్ల ఉన్న ఇన్వర్టర్ పన్నెండు వోల్టులదే గద, దానికే పెడ్దాం, ఏం గాదు సార్." అంటే ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు కలిపే ప్యారలల్. ఇన్వర్టర్ డబ్బులు మిగులుతాయి కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

పాత ఇన్వర్టర్ బ్యాటరీని ఐదోదిగా తగిలిద్దాం అన్నాడు. కొత్తవాటి మధ్య ముసలి బ్యాటరీ పెడితే అది వాటినీ తనతో పాటు లాగుతుంది. ఇక్కడ ఒక్కచోట మాత్రం నేను గెలిచాను. పాతది స్క్రాప్ కింద వెళ్లిపోయింది.

మెట్ల కింది అల్మారా తలుపు మూసేస్తే బ్యాటరీలు కనబడకుండా నీట్‌గా ఉంటుంది అన్నాడు. చార్జింగ్‌లో వాటినుంచి హైడ్రోజన్ వస్తుందని, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలని చెప్పాను. మీరు ప్రత్యక్షమయ్యారు. తర్వాత వడ్రంగిని పిలిపించి తలుపుకు పైనా కిందా జాలీ పెట్టించాను.

ఇక అసలు సంగతి. ఇన్వర్టర్ నుంచి వచ్చిన ఎర్ర కేబుల్, నల్ల కేబుల్ రెండూ తెచ్చి మొదటి బ్యాటరీకే బిగించాడు. అక్కడి నుంచి రెండోదానికి ఎర్రదొకటి, నల్లదొకటి చిన్న జంపర్ ముక్కలు, రెండోదాని నుంచి మూడోదానికి, అలా నాలుగోదాకా. నల్ల కేబుల్‌ని తీసుకెళ్లి చివరి బ్యాటరీకి పెట్టమన్నాను. "కంపెనీ వైరు గింతే ఇస్తది సార్. యాడ పెట్టినా అన్నీ ప్యారలలే గద. ఇన్నేండ్ల సంది గిట్లనే పెడ్తున్నం. ఏం గాదు."

మహానుభావా, మీ మాట మనుషులు వింటారు. కరెంటు వినదు.

కరెంటుకూ రెసిస్టెన్స్‌కూ లంకె చెప్పే తన సూత్రాన్ని ఓమ్ ప్రచురించింది 1827లో. అప్పటికి మన చార్మినార్‌కు 236 ఏళ్లు. కరెంటు ఏ దారిలో ఎంత పోతుందో తేల్చే తన రెండు నియమాలనూ కిర్కాఫ్ 1845లో చెప్పాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు, ఇంకా విద్యార్థే. ఆ నియమాలు చెప్పి వీట్‌స్టన్ బ్రిడ్జి అనే నాలుగు రెసిస్టెన్సుల సర్క్యూట్ సమతుల్యత రాబట్టమనేది మా సెకండియర్ పిల్లలకు 8 మార్కుల ప్రశ్న. కంఠతా పెట్టి, బొమ్మతో సహా దించేస్తారు. ఆ పిల్లల్లోనే ఒకడు పదేళ్ల తర్వాత ఎర్రవైరూ నల్లవైరూ ఒకే బ్యాటరీకి బిగించి మిమ్మల్ని తలుచుకుంటాడు. నా ఇరవై రెండేళ్ల సర్వీసు మీద ఇంతకంటే పెద్ద వ్యంగ్యం నేను రాయలేను.

లెక్క ఇంతే. మొదటి బ్యాటరీ కరెంటు ఇన్వర్టర్‌కు చేరాలంటే మధ్యలో జంపర్ ముక్కలు ఒక్కటీ లేవు. రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, నాలుగోదానికి ఆరు. జానెడు రాగి ముక్కకు రెసిస్టెన్స్ ఎంతుంటుంది అంటారు మీరు. లగ్గుల (వైరు చివర ఉండే బిగింపు చెవుల) బిగింపుతో కలిపి అర మిల్లీ ఓమ్ అనుకోండి. నవ్వొచ్చేంత తక్కువే. కానీ బ్యాటరీ లోపలి రెసిస్టెన్సే ఐదారు మిల్లీ ఓమ్‌లు. ఆ పక్కన పెట్టి చూస్తే అర మిల్లీ ఓమ్ చిన్నదేం కాదు. దారి సులువైన మొదటి బ్యాటరీ మీదే ఎక్కువ భారం పడుతుంది.

నాకు అనుమానం నీళ్ల దగ్గర వచ్చింది. మొదటి బ్యాటరీ నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ అడిగేది. నాలుగోది ఎండాకాలంలో పోసిన నీళ్లతోనే వానాకాలం గడిపేసింది. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే ఫుల్ చార్జింగ్ తర్వాత నాలుగోది 1240 చూపిస్తోంది, మొదటిది 1210 దగ్గరే ఆగుతోంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలికీ చిన్నకోడలికీ ఉండే తేడా అది. పెద్దకోడలిగా నాకు వెంటనే అర్థమైంది.

దసరా సెలవుల్లో కోఠీ వెళ్లి, వైరును చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొన్నాను. దుకాణంలో కూడా మీరున్నారు. "ఏసీ డీసీ రెండూ చూపిస్తదా" అని అడిగితే మీ పేరే చెప్పి ఇచ్చాడు. ఇంటికొచ్చి కేబుల్‌కి తగిలిస్తే సున్నా. అది ఏసీ మాత్రమే చూపే రకం, బ్యాటరీది డీసీ. "కరెంటే రావట్లేదుగా, ఇంకేం టెన్షన్" అన్నారు మా ఆయన. మర్నాడు మళ్లీ కోఠీ.

సాయంత్రం ఎండ పోయాక మెయిన్ ఆపి, ఇస్త్రీ పెట్టె, ఒక ఫ్యాను ఆన్ చేశాను. బ్యాటరీ పనితీరు కొలవడానికి ఇస్త్రీ పెట్టెను మించిన లోడు లేదు. కాలి దానంతటదే ఆగేవరకు ఒకే అంకె మీద నిలుస్తుంది. ఇన్వర్టర్ కేబుల్ మీద 80 ఆంపియర్లు. మొదటి జంపర్ మీద 49, రెండోదాని మీద 28, మూడోదాని మీద 13. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మొదటి బ్యాటరీ 31, రెండోది 21, మూడోది 15, నాలుగోది 13. ఒకే రోజు పుట్టిన నాలుగు బ్యాటరీలు. ఒకటి ఇంకోదానికి రెండింతలకు పైగా చాకిరీ చేస్తోంది.

రెండు మీటర్ల నల్ల కేబుల్ తెచ్చి చివరి బ్యాటరీకి మార్చాను. ఎర్రది మొదటిదానికే. ఇప్పుడు ఏ బ్యాటరీ దారిలో చూసినా మూడేసి ముక్కలు. మళ్లీ ఇస్త్రీ పెట్టె: 22, 18, 18, 22. ఒక్క వైరు చోటు మారితే ఇంత తేడా. చివర్లకు ఇంకా కొంచెం ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ముక్కలన్నీ ఒకే కరెంటు మోయవు. అక్కడితో వదిలేయొచ్చు. కానీ అప్పటికి నాకు మీ మీద పంతం పట్టింది.

ట్రూప్ బజార్‌లో 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, ఎరుపు నాలుగు ముక్కలు, నలుపు నాలుగు, ఎనిమిదీ ఒకే పొడవు, లగ్గులు హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కి ఇమ్మన్నాను. "దగ్గరి బ్యాటరీకి గంత పొడుగు ఎందుకు మేడం, రాగి రేటు చూసిండ్రా, పొట్టిది పెట్టుకోండి, ఏం గాదు" అన్నాడు యజమాని. తోకలో సార్ లేకుండా మీరు నాతో మాట్లాడింది అదే మొదటిసారి. మేడంకి డబ్బు ఆదా అనేటప్పుడు మీకు సార్ అవసరం లేదన్నమాట.

రెండు రాగి బస్‌బార్లు (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పట్టీలు), ఒక్కో ఎర్ర కేబుల్‌కు ఒక్కో ఫ్యూజు. పని మొదలుపెట్టే ముందు బంగారు గాజులు తీసి అత్తయ్య చేతికిచ్చాను. "శుక్రవారం పూట ఒట్టి చేతులేమిటే" అన్నారావిడ. గాజు ఒకవైపు ప్లస్‌కీ ఇంకోవైపు మైనస్‌కీ తగిలితే వందల ఆంపియర్లు దానిగుండానే పోతాయి, చెయ్యి కాలుతుంది అని చెప్పాను. "ఏం కాదులే" అని లోపల్నుంచి మా ఆయన. అత్తయ్య మాత్రం ఆయన వైపు ఒక చూపు చూసి, గాజులు కొంగున ముడేసుకుని, పని అయ్యేదాకా స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నారు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేప్ చుట్టాను. ముందు నల్లవి విప్పాను, బిగించేటప్పుడు వాటిని ఆఖరున పెట్టాను.

చివరి కొలత: 18, 20, 21, 21. ఆ 18 మొదటిది. దారులన్నీ సమానమైనా అది మునుపటిలా లాగలేకపోతోంది. ఏడు నెలలు ఇద్దరి పని చేసింది కదా. కొత్తది తెచ్చి పెడదామంటే ఈ మూడింటి పక్కన కొత్తది పెట్టకూడదు. అందుకే ఉన్నన్నాళ్లు ఉండనీ అని వదిలేశాను.

సంక్రాంతి తర్వాత ప్యానెళ్లు చూడ్డానికి ఆ తమ్ముడే వచ్చాడు. అల్మారా తలుపు తీసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

"గిది ఎవరు చేసిండ్రు సార్?"

మా ఆయన చెయ్యి నా వైపు చూపించింది. తమ్ముడు వంగి కేబుళ్లు లెక్కపెట్టాడు. మొదటి బ్యాటరీ దగ్గర చుట్ట చుట్టి కట్టిన మిగులు వైరును వేలితో తట్టి చూశాడు.

"గింత వైరు చుట్టి పెడితే... ఏం గాదా మేడం?"

ఇన్నాళ్లలో మీ చివర ప్రశ్నార్థకం చూడటం నాకు అదే మొదలు. మేడం తోక కూడా. నేనేం మాట్లాడలేదు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, క్లాంప్ మీటర్ అతని చేతికిచ్చాను.

ఇట్లు,
మెట్ల కింద స్పానర్ పట్టుకుని,
మీ 'మేడం'