మా బావకు యూనియన్ ఉండేది, మేనల్లుడికి లేదు

2025 డిసెంబర్‌లో పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారి, ఇండిగో విమానాలు ఆగిపోయినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "నెలకి లక్షలకి లక్షలు తీసుకుంటారు, ఇంకా రెస్ట్ కావాలంట పైలట్లకి." దాని కింద పదకొండు నవ్వు బొమ్మలు. ఆరోజు నేనేమీ రాయలేదు. రాస్తే పొడుగైపోతుందని ఊరుకున్నా. ఇదిగో, ఇప్పుడు పొడుగ్గానే రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, నాకిందులో సొంత బాధ ఉంది. మా అక్క కొడుకు పైలట్. ఇంకా కెప్టెన్ కాలేదు, ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, కుడివైపు సీటు. మా బావ ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. షాద్‌నగర్ దగ్గరున్న పొలం అమ్మి వీణ్ని చదివించాడు. కమర్షియల్ లైసెన్స్ రావాలంటే 200 గంటలు ఎగరాలి. ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఒక్కో రకం విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత, దానికీ సొంత డబ్బే. ఎయిర్‌బస్ 320 నడిపేవాడు రేపు పొద్దున నేరుగా వెళ్లి బోయింగ్ 737 సీట్లో కూర్చోలేడు, మళ్లీ ట్రైనింగ్ కావాలి. పొలం అమ్మిన డబ్బు సరిపోలేదు, పైన లోన్. ఆ ఈఎంఐ ఇంకా నడుస్తోంది.

వాడి గది చూస్తే తెలుస్తుంది ఆ లక్షల ఉద్యోగం ఎలా ఉంటుందో. కిటికీకి అక్క పాత రగ్గు ఒకటి మేకులు కొట్టి బిగించింది. పగలు పడుకోవాలి కదా. వాడు నిద్రపోతున్నాడంటే ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు, విజిల్ వస్తుందని. అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తుంది అక్క. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టడానికి లేదు. స్టాండ్‌బై ఉన్నరోజు ఎప్పుడు మోగుతుందో తెలియదు.

సరే, అసలు విషయానికొస్తా. "పైలట్లు తలుచుకుంటే కంపెనీ మెడలు వంచగలరు" అని అందరూ అనుకుంటారు. లెక్క ప్రకారం అది నిజమే కావాలి. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె గుర్తుందా? అక్టోబర్ 5 నుంచి 52 రోజులు, దాదాపు 48 వేల మంది. మా బావ కూడా అందులో ఉన్నాడు. సర్కారు ఏం చేసింది? రోజు కూలీకి తాత్కాలిక డ్రైవర్లని తెచ్చి బస్సులెక్కించింది. డ్యూటీకి రానివాళ్లు తమంతట తాము ఉద్యోగం పోగొట్టుకున్నట్టే అన్నారు ముఖ్యమంత్రి. చివరికి అడిగింది అప్పుడు దక్కకుండానే వాళ్లు డిపోలకి తిరిగి వెళ్లారు. బస్సు డ్రైవర్ స్థానంలో ఇంకొకణ్ని రోజుల్లో తేవచ్చు. ఎయిర్‌బస్ కెప్టెన్‌ని అలా తేలేం. అలాంటప్పుడు పైలట్‌కి ఎంత బలం ఉండాలి?

అమెరికాలో ఉంది. కాకపోతే మనమనుకున్నట్టు పొద్దున అలిగి సాయంత్రానికి సమ్మె చేసే బలం కాదది. అక్కడ విమాన ఉద్యోగులకి వర్తించేది రైల్వే వాళ్ల కోసం 1926లో చేసిన చట్టం. 1936లో విమానాలని కూడా అందులో కలిపారు. దాని ప్రకారం కాంట్రాక్టుకి గడువు ముగియడం అంటూ ఉండదు, మార్చుకోవచ్చు అనే తేదీ మాత్రమే వస్తుంది. ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు ఇక రాజీ కుదరదని వదిలేస్తే తప్ప సమ్మెకి దిగలేరు. వదిలాక కూడా 30 రోజులు ఆగాలి. ఆపైన అధ్యక్షుడు అడ్డుపడొచ్చు. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే క్లింటన్ ఆపేశాడు. ఇన్ని కట్లున్నా డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లకి 2023 మార్చిలో నాలుగేళ్లకి కలిపి 34 శాతం పెంపు వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు వాళ్లు చేసిందల్లా సమ్మెకి సిద్ధమేనా అని ఓటింగ్ పెట్టుకోవడం. 99 శాతం అవునన్నారు. విమానం ఒక్కటీ ఆగలేదు. ఆ ఏడాదే యునైటెడ్, అమెరికన్ పైలట్లు కూడా డెల్టా కాగితం ముందు పెట్టుకుని బేరమాడి, దాదాపు అంతే తెచ్చుకున్నారు.

దీని వెనక సీనియారిటీ లిస్టు ఉంది. అక్కడ ఒక కంపెనీలో ఇరవై ఏళ్లు చేసిన కెప్టెన్ పక్క కంపెనీకి వెళ్తే మళ్లీ లిస్టు అడుగు నుంచే మొదలు. జీతం, సీటు, సెలవు, రూటు అన్నీ ఆ నంబర్ మీదే. కాబట్టి ఎవడూ కదలడు. కదలనివాడు కలిసి పోట్లాడతాడు. వేరే దారి లేక వచ్చిన ఐకమత్యం అది, అంత గొప్పగా చెప్పుకోవాల్సిన పనేం లేదు. కానీ పని చేస్తుంది.

మన దగ్గర అలా కాదు. ఇక్కడ కలిసి మాట్లాడే తలుపు మూసేశారు. సరే, నచ్చకపోతే వెళ్లిపోవచ్చుగా అంటే ఆ తలుపుకీ గొళ్లెం పెట్టారు. నా గొడవంతా అదే.

మొదటి తలుపు చూడండి. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు యూనియన్ పెట్టుకుంటే కంపెనీ ఇద్దర్ని తీసేసింది. మిగతావాళ్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. ఐదు రోజుల్లో వందల విమానాలు రద్దయ్యాక గానీ కంపెనీ దిగిరాలేదు, వాళ్లని వెనక్కి తీసుకుంది. అప్పుడు పైలట్లని తిట్టని టీవీ లేదు. ఇప్పుడు ఆ దారి కూడా ఇరుకైంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం సగం మందో అంతకన్నా ఎక్కువో కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందే లెక్క. సమ్మెకేమో 14 రోజుల ముందు నోటీసివ్వాలి. అసలు పైలట్ వర్కరా, మేనేజరా అన్న పంచాయితీ ఇంకోటి. 2023లో ఎయిర్ ఇండియా కొత్త కాంట్రాక్టులో నాలుగేళ్లు దాటిన కమాండర్లకి (కెప్టెన్లే) 'సీనియర్ కమాండర్' అని ప్రమోషన్ ఇచ్చి మేనేజ్‌మెంట్‌లో కలుపుతామంది. మేనేజ్‌మెంట్ మనిషికి యూనియన్ ఎందుకు చెప్పండి! మెడలో దండ వేసి నోటికి తాళం వేయడం అంటే ఇదే. పాత యూనియన్లు సంతకాలు పెట్టొద్దన్నాయి. కాంట్రాక్టులు మాత్రం ఒక్కొక్కరికీ విడివిడిగా వెళ్లాయి.

యూనియన్లన్నీ సుద్దపూసలని నేననను. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు పని ఆపారు. ఎందుకు? కొత్తగా వచ్చే బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాల ట్రైనింగ్ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకి ఇవ్వకూడదని. 2007లో రెండు కంపెనీలనీ కలిపారు గానీ పైలట్లు కలవలేదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. 101 మందిని తీసేశారు, యూనియన్ గుర్తింపు పోయింది, సాధించింది సున్నా. సాటి పైలట్ కంచంలో అన్నం తగ్గించడానికి చేసిన సమ్మెని నేను సమర్థించలేను.

రెండో తలుపు దగ్గరికొద్దాం. మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే నోటీస్ పీరియడ్ మూడు నెలలంటేనే టెన్షన్ పడతారు. కెప్టెన్‌కి ఏడాది. ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు. ఇది కంపెనీ పెట్టిన షరతు కాదు, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన. ప్రభుత్వమే కంపెనీ తరఫున కాపలా ఉందన్నమాట. ఇవాళ మంచి ఆఫర్ వస్తే ఏ కంపెనీ ఏడాది ఆగుతుంది? 2023లో ఆకాశ ఎయిర్‌లో 43 మంది నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోతే, ఇలా అయితే మూతపడే ప్రమాదం ఉందని కంపెనీ కోర్టుకి చెప్పుకుంది. పైలట్ల మీద కేసులూ వేసింది. ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు, కాదనను. కానీ 43 మంది పోతే ఊగిపోయే కంపెనీతో, ఆ 43 మందీ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడే వీలుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక డిసెంబర్ సంగతి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచాలి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించాలి. ఈ నిబంధనలు 2024 జనవరిలోనే వచ్చాయి. కంపెనీలు కుదరదంటే వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి ఎక్కితే చివరికి 2025 జూలైలో కొంత, నవంబర్‌లో మిగతాది అమలయ్యాయి. గమనించారా, బేరమాడి తెచ్చుకున్నవి కావు, కోర్టు మెట్లెక్కి తెచ్చుకున్నవి. దాదాపు రెండేళ్ల టైం ఉన్నా దేశంలో అరవై శాతానికి పైగా ప్రయాణికుల్ని మోసే ఇండిగో దగ్గర అందుకు తగ్గ ఏర్పాట్లు లేవు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. పెళ్లిళ్లకి పోవాల్సినవాళ్లు, అస్థికలు పట్టుకున్నవాళ్లు ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్నారు. అదేరోజు ప్రభుత్వం, పైలట్ పెట్టుకున్న సెలవుని వారపు విశ్రాంతి కింద లెక్కకట్టకూడదన్న నిబంధన వెనక్కి తీసుకుంది. రాత్రి డ్యూటీల నియమాల నుంచి ఇండిగోకి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది.

కంపెనీ కావాలని చేసిందని నేననను. కానీ విమానాలు ఆగిపోతే ప్రభుత్వమే కోరినది చేతికివ్వడం ఈ దేశంలో నేను చూసింది అప్పుడే, అదీ కంపెనీకి. ఎయిర్ ఇండియాలో పైలట్లు ఆపినప్పుడు డిస్మిస్ ఆర్డర్లు వచ్చాయి. ఇంకా మా గ్రూపులో పెద్దాయన నవ్వేది పైలట్ల మీదే.

మొన్న సంక్రాంతికి అక్క వాళ్లింట్లో ఉన్నాం. సకినాల గిన్నె ముందు పెట్టుకుని మేనల్లుడు ఫోన్ చూస్తున్నాడు. కొత్త కాంట్రాక్టు మెయిల్లో వచ్చిందట. వాళ్ల కంపెనీ పేరు రాయను, వాడి ఉద్యోగం వాడికి కావాలి. ముప్పై పేజీలు. కింద ఒప్పుకుంటున్నాను అని ఒక బటన్. ఒప్పుకోను అన్న బటన్ లేదు. ఎల్లుండి సాయంత్రం ఆరు లోపు నొక్కాలి. గ్యారంటీగా జీతమిచ్చే గంటలు తగ్గాయి, మిగతాది ఎగిరిన గంటల మీద.

మా బావ కళ్లజోడు పెట్టుకుని ఆ ఫోన్ అటూ ఇటూ జరిపి చూశాడు.

"మిగతోళ్లు ఏమంటున్నరు రా?"

"తెల్వదు నాన్నా. అడిగితే ఎవ్వరు చెప్తలేరు."

"అంటే? ఎవరెవరు సంతకం పెట్టిన్రో మీకే తెల్వదా?"

"పెట్టినోడు పెట్టిన అని చెప్పడు. పెట్టనోడు అస్సలు చెప్పడు."

బావకి అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు డిపో గేటు ముందు నిలబడి మాట్లాడుకున్న మనిషి. మనుషులు గేటు దగ్గర కలవకుండా ఒకే కంపెనీలో ఎలా పనిచేస్తారో ఆయనకి తట్టలేదు. "మీకు గేటు మీటింగులు ఉండయా?" అని అడిగాడు, నిజంగానే అడిగాడు. వాడు నవ్వి, "బోర్డింగ్ గేటే ఉంటది నాన్నా" అన్నాడు. ఆ రాత్రి పన్నెండున్నరకి క్యాబ్ వచ్చింది, బ్యాగు లాక్కుంటూ వెళ్లిపోయాడు.

బటన్ నొక్కాడో లేదో నేనడగలేదు. మూడు రోజుల తర్వాత అక్క ఫోన్లో చెప్పింది, ఈ నెల ఈఎంఐ కట్టేశాడట, బావ మాత్రం వాడితో సరిగ్గా మాట్లాడట్లేదట.