విన్నది ఒక పాట, తప్పుపట్టింది ఇంకో పాటను

1998 డిసెంబరులో వచ్చిన ‘ద ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ యానిమేషన్ చిత్రం పేరెత్తితే చాలు, మన క్రైస్తవ మిత్రుల్లో కొందరు ఒక తీర్పు చెప్పేస్తుంటారు. ఇశ్రాయేలీయులను ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి నడిపించిన మోషే కథకు తగిలించిన హాలీవుడ్ హంగులే అందులోని పాటలట. ఆస్కార్ గెలిచిన ‘వెన్ యు బిలీవ్’లో దేవుడి ఊసే లేదట, ‘నిన్ను నువ్వు నమ్ముకో’ అనే బోధ తప్ప. పాప్ గాయనులు విట్నీ హ్యూస్టన్, మరాయా కేరీలతో పాడించిందే క్యాసెట్లు అమ్ముకోవడానికట. పైగా ఆ పాటలు కథకు అడ్డం పడతాయట. నోటి నుంచి నోటికి ఎన్నేళ్లుగా తిరుగుతున్నా ఈ మాటల్లో నిలబడేది బహు తక్కువ.

ముందు గొంతుల సంగతి. మిగతా పొరపాట్లన్నీ అక్కడే పుట్టాయి. కథ నడిచేటప్పుడు ఆ పాట పాడేది విట్నీ, మరాయా కాదు. మోషే అక్క మిర్యాము కోసం శాలీ డ్వోర్‌స్కీ మొదలుపెడతారు, అతని భార్య సిప్పోరాగా మిషెల్ ఫైఫర్ అందుకుంటారు, ఆ తరువాత పిల్లలు, ఆపైన జనమంతా. మిర్యాము మాటలు మాత్రం సాండ్రా బులక్‌వి. మోషే మాటలు వాల్ కిల్మర్ పలికితే పాటలు ఆమిక్ బైరమ్ పాడారు. నేపథ్య గానం మధ్య పుట్టి పెరిగిన మనకు ఇది వింత కాకూడదు. విట్నీ, మరాయాల జంట పాట సినిమా ముగిశాక పేర్లు పడేటప్పుడు వినిపిస్తుంది. 1998 నవంబరులో విడుదలైన ఇద్దరి ఆల్బమ్‌లలోనూ అది ఉంది. సంగీత నిర్మాత బేబీఫేస్ తయారుచేసిన ఆ రూపంలో సినిమాలో లేని ఒక భాగం కొత్తగా చేరింది, సినిమాలో ఉన్న హీబ్రూ భాగం లేకుండా పోయింది. 1999 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడడంతో జనం చెవుల్లో ఆ రూపమే స్థిరపడింది. బహుమతి మాత్రం అసలు పాటకు మాటలూ బాణీ సమకూర్చిన స్టీఫెన్ ష్వార్ట్జ్ ఒక్కరికే దక్కింది. అమ్మకాల కోసం చేసిన రూపం ఒకటి ఉందన్నది నిజమే. ఆ రూపాన్ని చూపించి సినిమా పాటను తిట్టడమే అన్యాయం.

ఇక దేవుడి ఊసు. సినిమా పాటలో పెద్దల గొంతులు తగ్గి, ఐగుప్తు విడిచి నడుస్తున్న గుంపులోంచి పిల్లలు హీబ్రూలో అందుకునే చోటు ఒకటి ఉంది. ఆ పంక్తులు ఎవరో సరదాగా కట్టినవి కావు. బైబిలులో మోషే కథ చెప్పే నిర్గమకాండము 15వ అధ్యాయంలోని 1, 11, 13 వచనాల నుంచి తీసుకున్నవి. తెలుగు బైబిలు చదివేవారికి కంఠస్థమైనవే: ‘యెహోవానుగూర్చి గానము చేసెదను, ఆయన మిగుల అతిశయించి జయించెను’ అన్నది మొదటిది. వేల్పులలో నీవంటివాడెవడని అడిగే మాట రెండోది. విమోచించిన ప్రజలను కృపచేత నడిపించావన్నది మూడోది. దేవుడి పేరు లేదన్న పాట నడిమధ్యలో దేవుణ్ణి నేరుగా స్తుతించే వచనాలున్నాయన్నమాట! హీబ్రూ అర్థం కాకపోతే పోనీ, ఇంగ్లీషు మాటల్లోనైనా ఏముంది? వినేవాడున్నాడన్న రుజువు లేకుండా ఎన్నో రాత్రులు ప్రార్థించామన్న వేదనతోనే మిర్యాము ఎత్తుకుంటుంది. తమను తాము నమ్ముకున్నవాళ్లు అలా ప్రార్థించరు. పల్లవిలోని ‘నమ్మకం’ ఎవరి మీద అన్నది ఇంగ్లీషులో విప్పి చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగు వందల ఏళ్ల బానిసత్వం వదిలి జనం నడుస్తున్న దృశ్యం మీద వినే పాట అది. దృశ్యాన్ని తీసేసి పల్లవి ఒక్కటే కత్తిరించుకుంటే ఏ పాటైనా గాలిమాటే అవుతుంది.

కథకు అడ్డం అన్న మాటకైతే చిత్రమే జవాబు. మొదటి పాట ‘డెలివర్ అజ్’లో మోషే తల్లి యోకెబెదు బిడ్డను జమ్ముపెట్టెలో ఉంచి ఏటిలో వదులుతూ జోల పాడుతుంది. ఆ గొంతు యెమెన్ యూదుల కుటుంబంలో పుట్టిన ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హజాది. పదికి పైగా భాషల్లో ఆ పాటను ఆమే పాడారు. ఏళ్లు గడిచాక ఐగుప్తు రాకుమారుడిగా పెరిగిన మోషేకు మిర్యాము ఎదురై ‘నువ్వు మా తమ్ముడివి’ అంటుంది. అతను కసిరికొడతాడు. ఎంత చెప్పినా నమ్మడు. అప్పుడామె అదే జోల పాడుతుంది. ఒక్కసారిగా అతని ముఖం మారిపోతుంది. మాటలు ఒప్పించలేనిదాన్ని బాణీ ఒప్పిస్తుంది. ఈ పాటను తీసేస్తే మోషే తనెవరో తెలుసుకునే ఘట్టమే ఉండదు. అలాంటిది అడ్డం ఎలా అయింది?

‘ద ప్లేగ్స్’ ఇంకా గట్టి పని. దేవుడు ఐగుప్తు మీదికి రప్పించిన తెగుళ్లలో నడిమి వాటిని చాలా భాగం మూడు నిమిషాల లోపే ముగించేస్తుంది. వెనుక బృందగానం యెహోవా వాక్కుగా ఉరుముతుంటే, అంతకుముందు రాజభవనం తన ఇల్లనుకుంటూ మోషే పాడుకున్న బాణీయే ఇప్పుడు బాధగా తిరిగి వస్తుంది. ఐగుప్తు రాజైన ఫరో రామెసెస్ తన హృదయం కఠినమవనీ అంటాడు. ఆ గొంతు రాల్ఫ్ ఫైన్స్ సొంతది, అరువు తెచ్చుకున్నది కాదు. ఫరో హృదయం కఠినమైందన్న మాట నిర్గమకాండములో ఎన్నిసార్లు వస్తుందో చదివినవారికి తెలుసు. సినిమా దాన్ని వదిలేయలేదు, పాటలో పెట్టింది.

సిప్పోరా తండ్రి యిత్రో పాట కూడా ఇంతే. మిద్యానులో మోషే స్థిరపడడం, పెళ్లి బైబిలులో రెండు మూడు వచనాలు. ఆ ఏళ్లన్నీ ఒక్క పాటలో గడిచిపోతాయి.

మాంత్రికులు హోతెప్, హూయ్‌ల పాట ఒక్కటి నాకూ రుచించదు. హాస్యం ఎక్కువ, బరువు తక్కువ. అయినా ఐగుప్తు దేవతల పేర్లన్నీ ఏకరువు పెడుతూ వాళ్లు గొప్పలు పోతున్నప్పుడు గోడ మీది నీడలు చూడండి. మోషే కర్ర పాము వాళ్ల పాముల్ని మింగేస్తుంటుంది. నిర్గమకాండము ఏడో అధ్యాయంలో ఉన్నదే అది, కాకపోతే అక్కడ కర్ర మోషే అన్న అహరోనుది.

పాటలన్నీ హాన్స్ జిమ్మర్‌వే అనేవారూ ఉన్నారు. ఆయనది నేపథ్య సంగీతం, దానికి విడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పాటలు ష్వార్ట్జ్‌వి.

నిజంగా వాక్యం చేతపట్టుకుని అడగదలిస్తే అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. నిర్గమకాండములో ఆ స్తుతిగీతం సముద్రం దాటాక వస్తుంది. మిర్యాము తంబుర పట్టేది, స్త్రీలు నాట్యమాడేది అప్పుడే. సినిమాలో పిల్లలు దాన్ని ఐగుప్తు దాటుతుండగానే, సముద్రం కనిపించకముందే పాడేస్తారు. విమోచన పూర్తికాకుండానే విజయగీతం ఎందుకని అడిగితే అది న్యాయమైన అభ్యంతరం. అది అడగాలంటే మాత్రం సినిమాలోని పాట విని ఉండాలి.